పెద్దమ్మ వేలు ఎటు పోతదో చూసిన నస్రీన్

ఇయ్యాల నారాయణపేటల మా పెద్దమ్మ చీరెల దుకాణానికి పోయినం. ఆమె కోసం నేను, నాతోటి పనిచేసే నస్రీన్ కలిసి గిరాకీలకు చీరెల ఫోటోలు పంపే ఒక యాప్ చేసినం. చీరె ఫోటోను నొక్కి పట్టుకుంటే, కింద మెనూ ఉండే జాగలనే 'పంపు', 'తీసెయ్' బటన్లు వస్తయి. పెద్దమ్మ మెనూల ఉండే 'హోమ్' అనుకొని 'తీసెయ్' నొక్కింది, కొత్త చీరె ఫోటో కాస్త పోయింది.

"నాకే చాతనైతలేదు బిడ్డా" అని చిన్నబోయింది.

"తప్పు నీది కాదు పెద్దమ్మా, మా బటన్లది. జర మళ్ల నొక్కు, నీ వేలు ఎటు పోతదో చూస్త" అన్నది నస్రీన్.

పక్కన కూసోని ఓపికగ చూసి, ఆ బటన్లను పైకి జరిపింది. మెనూను కింద కదలకుంట ఉంచింది. పొద్దుగూకేలోపు పెద్దమ్మ ఒక్కతే గిరాకీలకు ఫోటోలు పంపుతుంటే ముచ్చటేసింది. నేనైతే "చూసుకొని నొక్కు పెద్దమ్మా" అని చెప్పి లేచి వచ్చేటోన్ని.

మీ ఇంట్ల పెద్దోళ్లను ఏ బటన్ సతాయిస్తున్నదో చెప్పుండ్రి, నస్రీన్‌కు చూపిస్త.