ఎనిమిది గీతల చక్రం

బాన్సువాడ గ్రంథాలయంలో ఇంగ్లిష్ పుస్తకాల అలమారా తెరిచేది ఎక్కువగా నేనే. డిగ్రీ మధ్యలో ఆపేసినా, నిఘంటువు పక్కన ఉంటే ఏ పుస్తకమైనా చదవగలనని నా ధీమా. కిందటేడు వానాకాలం కోతలప్పుడు విక్కా అనే మతం పండుగల పుస్తకం ఒకటి దొరికింది. కొత్తవాళ్ళ కోసం రాసినది. అందులో ఏడాదిని చక్రంగా గీసి, ఎనిమిది గీతలకు ఎనిమిది పండుగలు రాశారు. ఆ చక్రాన్ని పాత క్యాలెండర్ వెనక దించుకుని, కిరాయి గది గోడకు అంటించాను.

మోటారు స్విచ్ వేయడానికి వచ్చిన ఇంటి ఓనరక్క అది చూసింది.

"గీ చక్రం ఏంది తమ్మీ?"

విదేశీ పండుగలంటే సరిపోయేది. "మంత్రగత్తెలమని వాళ్ళే చెప్పుకుంటరక్కా, వాళ్ళ పండుగలు," అని నా చదువంతా చూపించాను. ఆమె బర్రె మూడు రోజులుగా చేపడం లేదని, చెంబెడు పాలు కూడా రావడం లేదని అప్పుడు గుర్తు రాలేదు.

మధ్యాహ్నం ఆమె అత్త వచ్చి గడప బయటే నిలబడింది. వెనక అక్క.

"చదివి చెప్పు బిడ్డా. గది ఉంచుడా, ఖాళీ జేయించుడా అటెన్క జూద్దాం."

బాణామతి చేస్తాడన్న పేరుతో గది పోతే ఈ ఊళ్ళో ఇంకో గది దొరకదు. జాగ్రత్తగా చెప్పాను. చనిపోయినవాళ్ళకు పళ్ళెం పెట్టే రోజు.

"మన పెత్రామాస," అంది అవ్వ.

చలికాలంలో పొద్దు మళ్ళీ పెరగడం మొదలయ్యే రోజు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు రెండు. మంటల చుట్టూ ఆడే రోజు. పొద్దు అన్నిటికంటే ఎక్కువుండే రోజు. కొత్త ధాన్యంతో రొట్టె చేసే రోజు.

"గదే మన కొత్తల పండుగ. మనయే పట్టుకపోయి పేర్లు మార్చిండ్రు."

అక్క నవ్వలేదు. అవ్వ గోడ వైపు వేలు చూపుతూ లెక్కపెట్టింది.

"గీతలు ఎనిమిదున్నయి. నువ్వు జెప్పినయి ఏడే."

"గొర్రెలు ఈని పాలకొచ్చే కాలానికి ఒక పండుగ ఉందవ్వా. పాల పండుగ."

"పాలు వచ్చేదా, పోయేదా?"

"వచ్చేదే."

"మరి ఎందుకు దాచినవ్?"

బర్రె సంగతి గుర్తొచ్చి భయమేసిందని చెబితే ఇంకా అనుమానం. అవ్వ "పిల్లగాన్ని ఉండనియ్యి. కాయిదం మాత్రం తీసెయ్యి," అని కోడలితో చెప్పి వెళ్ళిపోయింది.

వారంలో బర్రె మామూలుగా పాలిచ్చింది. గది నాకు ఉంది. కానీ ఇప్పటికీ పొద్దున నేను వాకిట్లోకి వస్తే, పాలు పితికే అక్క చెంబు మీద కొంగు కప్పుతుంది.