ప్లేట్ల కింద గొర్రెల మంద

మా అత్త గుర్వమ్మ గొర్రెలతో మాట్లాడినంత మెత్తగా మనుషులతో మాట్లాడదు. కోడలిని, నాకు తెలియదా! కొత్తకోట దగ్గర మా ఊరి బీడంతా సోలార్ ప్లాంటు కిందికి పోయాక గొర్రెలు, కొన్ని మేకలు ఉన్న ఆమె మందకు మేత కరువైంది. అమ్మేద్దామని మా మామ జానయ్య ఎప్పటినుంచో గొణుగుతున్నాడు. ఆ మాట వినపడిన పూట అత్త అన్నం ముట్టదు.

నేను అదే ప్లాంటులో సోలార్ ప్లేట్లు కడిగే పనికి పోతాను. మొన్నటి వానలకు లోపల గడ్డి ఏపుగా పెరిగి ప్లేట్ల మీద నీడ పడింది. కరెంటు తగ్గుతోందని ప్లాంటువాళ్లు గడ్డిమందు కొట్టిస్తామన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. బయట ఎక్కడా కనిపించని కౌజు పిట్టలు, కుందేళ్లు కుక్కల బెడద లేక ఆ కంచె లోపలే కాపురం పెట్టాయి. గడ్డిలో గుడ్లు కూడా ఉన్నాయి.

"సార్, మా అత్త గొర్లను తోలుకొస్తది. మళ్ల గడ్డిమందు ఎందుకు?" అని ఇంజనీరు మల్లికార్జున్‌ను అడిగాను. ఆయన తల గోక్కుని, ఒక్కరోజు చూద్దామన్నాడు. మేకలు మాత్రం వద్దు, ప్లేట్లెక్కుతాయన్నాడు.

తెల్లారి అత్త మేకలన్నిటినీ ఇంటి దగ్గర కట్టేసి గొర్రెలతో వచ్చింది. అక్కడే పప్పులో కాలేసింది. మందకు ముందు నడిచేది ఒక ముసలి మేక. అది లేకుండా గొర్రెలు కొత్త జాగాలో అడుగు పెట్టవు. తను పిలిస్తే రావా అనుకుంది అత్త. అవి గేటు దగ్గరే బిగుసుకుని నిలబడ్డాయి. అదిలించింది, బతిమాలింది, బూతులు తిట్టింది. ఒక్కటీ కదల్లేదు. మల్లికార్జున్ గడియారం చూసుకున్నాడు. మంద చేజారిపోతుందని అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది.

ఉన్నట్టుండి అత్త గొంగడి నెత్తిన కప్పుకుంది. నడుం వంచి ప్లేట్ల కింద దూరి, "మే... మే..." అని గొంతెత్తి అరిచింది. అచ్చం ఆ ముసలి మేకే! ముందు ఒక పొట్టేలు చెవులు రిక్కించింది. ఆ తర్వాత మందంతా బిలబిలా ఆమె వెనక దూరింది. వాచ్‌మన్ భిక్షం నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు.

పొద్దుగూకేసరికి గొర్రెలు ఆ ప్లేట్ల వరసల్లో గడ్డి నున్నగా మేసేశాయి. కౌజు గూళ్లున్న చోట అత్త ముళ్లకంప అడ్డం పెట్టి, గొర్రెలను అటు పోనివ్వలేదు. మల్లికార్జున్ మందు కొట్టేవాళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పాడు.

"అమ్మా, రేపటిసంది రోజూ తోలుకరా" అన్నాడు.

అత్త సంతోషం పట్టలేక నన్ను వాటేసుకుంది. ఆ తర్వాత బొంగురుపోయిన గొంతుతో ఆయనతో అంది:

"వస్త గని సారూ, రేపు జర నువ్వే ముందల నడిచి అరువాలె. నా గొంతు పోయింది."