వెనక సీటు, ఎడమ వైపు

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అది అబద్ధం. ముక్కు మీది కోపమైతే ఒక తుమ్ముతో పోతుంది. నాది నెలల తరబడి కుదురుగా కూర్చునే కోపం. దానికి అన్నం పెట్టి, నీళ్లు పోసి, సమయం వచ్చేదాకా పెంచుకుంటాను. మా పాత కారు విషయంలో అలాగే పెంచాను.

ఆ కారు మేము కొనేనాటికే పన్నెండేళ్లది. చిన్న కారు. జమ్మలమడుగు నుంచి పాతిక కిలోమీటర్ల అవతల ఒక పల్లెటూరి బడిలో నేను లెక్కలు చెబుతాను. బస్సు మీద ఆధారపడిన రోజుల్లో సాయంత్రం అది రాకపోతే బడి గేటు ముందు రాయి మీద కూర్చుని, వచ్చే పోయే బైకుల వాళ్ల చూపులన్నీ భరించేదాన్ని. అందుకే నలభై రెండో ఏట పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను. కారు ఇంటికొచ్చిన రోజు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, తాళం నా చేతిలో పెట్టారు. పెళ్లయ్యాక నాకు ఎవరినీ అడగకుండా బయటికి వెళ్లే వీలు కల్పించిన మొదటి వస్తువు ఆ తాళమే.

ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత వెనకనుంచి చప్పుడు మొదలైంది. గుంతలో పడితే టక్. స్పీడ్ బ్రేకర్ దిగితే టక్ టక్, ఆ తర్వాత కారు ఉయ్యాలలా రెండు మూడుసార్లు ఊగేది. మా పుట్టిల్లు నేతగాళ్లది. మా నాన్న మగ్గం గుంతలో కూర్చుని, పక్క వీధిలో ఎవరి మగ్గంలో ఏది వదులైందో చప్పుడును బట్టి చెప్పేవాడు. ఆ చెవులు నాకూ వచ్చాయి. చప్పుడు వెనక ఎడమ వైపు నుంచి వస్తోందని మొదటి రోజే తెలిసింది. ఇంకొకటి కూడా గమనించాను. శనివారం సాయంత్రం కారు ఆపినప్పుడు ఎంత చప్పుడు ఉండేదో, సోమవారం ఉదయం అంతకన్నా ఎక్కువ ఉండేది.

ఇంట్లో చెప్పాను. మా బావ, అంటే మా ఆయన అన్న, మేడ మీద వాటా కట్టించుకుంటున్నాడు. ఆదివారం ఆదివారం మా కారు తీసుకుని సిమెంటు కొట్టుకనీ, కరెంటు సామానుకనీ తిరిగేవాడు. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని నవ్వాడు.

"కారుకేం కాలేదమ్మా. బ్రేకరు మీద నువ్వు ఎగిరిస్తాండావు. ఆడోళ్ల కాళ్లకు బ్రేకు అందదు."

మా ఆయన పేపరులో తల దూర్చాడు. వీధిలో ఎదురింటాయన, పాల మనిషి, చివరికి మా బడి అటెండరు కూడా ఆ మాటే అన్నారు. బావ ఊరంతా చెప్పి పెట్టాడు. నేను బ్రేకరు కనబడగానే ఫస్ట్ గేరులోకి దించి, గర్భిణిని దాటిస్తున్నట్టు దాటించేదాన్ని. అయినా టక్. ఇలా నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చాను. నాకు నిజంగానే చేతకావడం లేదేమో అనిపించింది. మా ఆయన పక్కన కూర్చుని తల నిమిరాడు.

"నేర్చుకుంటావులే," అన్నాడు.

ఆ మాట నాకెంతో హాయినిచ్చింది. ఇప్పుడది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను.

ఒక సోమవారం డిక్కీలో గొడుగు కోసం వెతుకుతుంటే మ్యాటు కింద నల్లటి పొడి, అరచేతి వెడల్పున ఒక నాపబండ పెచ్చు దొరికాయి. మా వైపు ఇల్లు కట్టేవాళ్లకు నాపబండలు లేనిదే గడవదు. నేలకు బండ, అరలకు బండ, బట్టలు ఉతికేందుకు బండ. గని ఇరవై నిమిషాల దూరం. ట్రాక్టరు పిలవాలంటే లోడంతా కొనాలి. కావలసినవి నాలుగే అయితే జనం ఎవరి బండి దొరికితే దాంట్లో వేసుకొస్తారు. ఆటోలో తెస్తారు, స్కూటరు మీద కాళ్ల దగ్గర పెట్టుకుని తెస్తారు. మా బావ నా కారులో తెచ్చాడన్నమాట.

ఆ పెచ్చు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బడికి సెలవు పెట్టి మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ప్రొద్దుటూరు రోడ్డులో షెడ్డు ఉన్న పెద్దాయన. అందరూ భాయ్ అంటారు. ఆయన నా మాట విననే లేదు. నేరుగా వెళ్లి కారు ఎడమ వెనక మూల మీద రెండు చేతులూ వేసి గట్టిగా కిందికి నొక్కి వదిలేశాడు. కారు లేచింది, కుంగింది, మళ్లీ లేచింది, మళ్లీ కుంగింది.

"ఒక్కసారి లేచి నిలబడాలమ్మా. ఇది ఆడుతాండాది. షాకబ్జరు ఖతం."

జాకీ పెట్టి చక్రం ఊడదీసి నన్ను వంగి చూడమన్నాడు. షాకబ్జరు మీద నూనె కారి దుమ్ము పట్టి జీళ్లపాకంలా ఉంది. స్ప్రింగు కింది చుట్టు విరిగి ఉంది. స్ప్రింగు పూర్తిగా కుంగినప్పుడు తగిలే రబ్బరు ముక్క నలిగి పిండైంది.

"నేను బ్రేకర్ల మీద ఎగిరించినందుకా?"

భాయ్ తల ఊపాడు. "లేదమ్మా. బ్రేకరుకైతే ముందు చక్రాలవి పోతాయి, వెనకవి కాదు. ముందర చూడు, చక్రం కాడ ఉండే లింకు రాడ్డు కూడా బాగుండాది. ఇది బరువు పని. ఈ కారులో ఎవరో శానా బరువు మోసినారు, శానాసార్లు."

బ్యాగులోంచి పెచ్చు తీసి ఆయన ముందు పెట్టాను. భాయ్ చూసి నాలుక కరుచుకున్నాడు.

ఆ రోజే ఇంటికెళ్లి పెచ్చు బావ ముఖాన కొట్టి ఉండొచ్చు. కానీ ఏం లాభం? ఒక్కసారి తెచ్చానమ్మా అంటాడు, అందరూ సర్దుకోమంటారు, ఊళ్లో నా డ్రైవింగుకు వచ్చిన చెడ్డపేరు అలాగే ఉంటుంది. పైగా అంతకు ముందు వారమే బావ మా ఆయనతో, "తాళం తీసేసుకోరా, యాడన్నా గుద్దుతాది, బస్సులో పొమ్మను," అన్నాడు. మా ఆయన ఆ మాట నాకు చేరవేశాడు. అంటే తాళం పోబోతోంది. నాకు కావలసింది పెచ్చు కాదు, బావ నోటి నుంచి ఒక మాట.

"భాయ్, స్ప్రింగులు కొత్తవి వెయ్యి. ప్రాణాలతో ఆట వద్దు. షాకబ్జర్లు మాత్రం వచ్చే సోమవారం మార్చు."

"ఎందుకమ్మా? కొత్త స్ప్రింగుకు పాత షాకబ్జరంటే బంతి మాదిరి ఎగురుతాది. మెల్లిగా పోతే ప్రమాదం లేదు గానీ, వెనక కూర్చున్నోళ్ల నడుములు..." అని ఆగి నన్ను చూశాడు. "ఎవర్ని కూర్చోబెడతావు?"

"మా బావను."

భాయ్ పెద్దగా నవ్వాడు. "స్పీడు యాభై దాటొద్దు," అన్నాడు.

ఇంటికి వెళ్లి తల వంచుకుని మాట్లాడాను. తల వంచుకోవడం నాకు చాలా బాగా వచ్చు. "బావా, ఆదివారం అహోబిలం పోదాం. నేనే నడుపుతా. నువ్వు వెనక కూర్చుని నా డ్రైవింగు చూడు. తప్పుందని దర్శనం అయ్యేలోపు నువ్వంటే, తాళం నీ చేతికే ఇస్తా." బావకు పరీక్షాధికారి హోదా దొరికింది. మీసం దువ్వుకున్నాడు.

దర్శనానికి తనూ వస్తానన్న మా అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టాను, ఆమె నడుముకు ఏమీ కాకూడదని. వెనక కుడి వైపు మా ఆయన. ఎడమ వైపు, సరిగ్గా ఆ చక్రం మీద, మా బావ.

నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కారు నడపలేదు. ప్రొద్దుటూరు దాటేవరకు బావ సలహాలు ఇచ్చాడు. మైదుకూరు దగ్గరికి వచ్చేసరికి సలహాలు తగ్గాయి. హైవే మీద కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆళ్లగడ్డ దాటి పల్లెల రోడ్డు ఎక్కాక నా పండగ మొదలైంది. ఊరికి రెండు బ్రేకర్లు, కొన్నిచోట్ల మూడు. ప్రతి బ్రేకరు ముందు దాదాపు ఆపేసి, గట్టిగా చెప్పేదాన్ని.

"ఫస్ట్ గేరు బావా. మెల్లిగానే పోతాండా కదా?"

కారు ఎక్కేది, దిగేది, ఆ తర్వాత వెనక భాగం మాత్రం తనంతట తాను నాలుగు సార్లు ఎగిరేది. అద్దంలో బావ తల పైకప్పుకు తగలడం చూశాను. నేను చెడ్డదాన్ని అనుకుంటే అనుకోండి, నా కడుపు చల్లబడింది. ఆరో ఊరికి ఆయన ముందు సీటును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎనిమిదో ఊరి బ్రేకరు మీద నడుము పట్టుకుని అరిచాడు.

"ఆపమ్మా తల్లీ, ఆపు! ఇది నువ్వు నడిపేదాని తప్పు కాదు, షాకబ్జర్లు పోయినాయి!"

ఆపాను. వేపచెట్టు కింద, ఇంజను ఆపి, వెనక్కి తిరిగాను. ఆ మాట కోసమే కదా ఇంత దూరం మోసుకొచ్చాను. కానీ బావ ఇంకా ఆగలేదు. నొప్పికి ముఖం చిట్లించి, పక్కనున్న తమ్ముడితో అన్నాడు.

"మనం ఆరారు బండలు ఏసుకొని వచ్చినప్పుడు కూడా ఇంత కొట్టలేదు కదరా?"

అత్త తన చీర కొంగు సర్దుకుంది. నేను బావను చూడలేదు. మా ఆయనను చూశాను. ఆదివారాలు స్నేహితుడి ఇంటికని చెప్పి వెళ్లిన మనిషి. నేను ఏడ్చిన సాయంత్రం తల నిమిరిన మనిషి. ఆయన కిటికీలోంచి జొన్న చేను వైపు చూస్తున్నాడు.

"నువ్వూ ఉండావా?" అన్నాను.

"వంటింటి అరకు... నీకోసమే..." అన్నాడు.

నిజమే. ఆరు నెలలుగా నేను డబ్బాలు పెట్టుకుంటున్న అర ఆ బండలదే. ట్రాక్టర్లో తెప్పించానని చెప్పాడు. బండలు మోసినందుకు నాకు కోపం లేదు. కారెందుకు కొట్టుకుంటోందో తెలిసి కూడా, నా చేతులదే తప్పని నన్ను నమ్మనిచ్చాడు. నేర్చుకుంటావులే అన్నాడు.

నేను అరవలేదు. కారు స్టార్ట్ చేసి అహోబిలం తీసుకెళ్లాను, దర్శనం చేయించాను. తిరుగు ప్రయాణంలో బావను ముందు కూర్చోబెట్టి, అత్తను వెనక కుడి వైపు, దిండు వేసి కూర్చోబెట్టాను. మా ఆయనను ఎడమ వైపు కూర్చోమన్నాను. ఎన్ని బ్రేకర్లు వచ్చాయో ఆయన్నడగండి. నేను లెక్కపెట్టలేదు.

సోమవారం భాయ్ షాకబ్జర్లు మార్చాడు. కారు ఇప్పుడు బ్రేకరు మీద ఒక్కసారి లేచి నిలబడుతుంది. వారం తిరక్కముందే బావ ఊళ్లో తనే చెప్పుకున్నాడు, మా మరదలు లారీ డ్రైవర్ల కన్నా మేలని. ఆయన మీద నాకు ఇప్పుడేమీ లేదు. కాఫీ ఇస్తాను, ఆయన తాగుతాడు.

విరిగిన స్ప్రింగు ముక్కను భాయ్ దగ్గర అడిగి తెచ్చుకున్నాను. వంటింట్లో ఆ బండ అర మీద పెట్టాను. కారు తాళం దానికే తగిలిస్తాను. మా ఆయన అప్పుడప్పుడు అడుగుతాడు, "తాళం యాడుండాది?" అని. "ఆడనే ఉండాది, తీసుకో," అంటాను. వంటింట్లోకి వెళతాడు, ఆ స్ప్రింగును చూస్తాడు, తాళం ముట్టుకోకుండా బైకు మీద వెళ్లిపోతాడు.