నంద్యాలలో పంక్ బట్టల ప్రదర్శన, పక్కన అవ్వ

టైఫాయిడ్ పోతూ పోతూ నా జడను కూడా పట్టుకుపోయింది. ఎనభైల మధ్యలో మాట ఇది. గుండుతో కాలేజీకి పోనని ఆళ్లగడ్డలో ఇంట్లోనే మొండికేసి కూర్చున్నాను. సరే, చదువు మానెయ్యమన్నాడు నాయన. ఆయన తల్లి, మా అవ్వ, ఒప్పుకోలేదు. నంద్యాలలో ఒక కాలేజీ హాల్లో మ్యూజియం వాళ్లెవరో విదేశీ బట్టల ప్రదర్శన పెట్టారని విని, చూసొద్దామని నన్ను బయలుదేరదీసింది. అవ్వ అహోబిలంలో గుడి సేవ చేసే ఇంటి కోడలు. నాయన చంటిపిల్లవాడిగా ఉన్నప్పుడే తాత పోతే, ఆచారమని ఆమెకు గుండు గీయించారు. అప్పటినుంచీ గీయిస్తూనే ఉన్నారు. ఆమె తలమీది కొంగు జారగా నేనెప్పుడూ చూడలేదు.

పొద్దున ఎనిమిదింటి ఎర్రబస్సు గంటన్నరలో నంద్యాల చేర్చింది. ఇద్దరి చార్జీ అయిదు రూపాయల లోపే. బస్టాండు నుంచి రిక్షాలో వెళ్లాం. దారంతా నేను స్కార్ఫు సర్దుకుంటూనే ఉన్నాను. హాలు లోపల చిరుగుల చొక్కాలు, ఒళ్లంతా పిన్నీసులు గుచ్చిన తోలు కోట్లు. లండన్ కుర్రకారు పెద్దల మీద తిరుగుబాటుగా వేసుకునే పంక్ బట్టలవని అక్కడి లెక్చరరు చెప్పాడు. చిరిగినవి కుట్టకుండా అద్దాల్లో పెట్టడమేమిటని అవ్వ గొణుక్కుంది. తర్వాత ఒక నిలువెత్తు ఫోటో ముందు ఆగిపోయింది. అందులో నా ఈడు పిల్ల, నున్నటి గుండుతో, నడుం మీద చేతులేసుకుని నవ్వుతోంది.

"ఏమప్పా, ఈ పాపకూ జరమొచ్చిండాదా?" అని అవ్వ లెక్చరరును అడిగింది.

"లేదవ్వా, ఇష్టపడి తనే గీయించుకుంది."

అవ్వ ఆ పిల్లను చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"నన్నెవురూ అడగల్యా. నీది జరమొచ్చి పాయె, మల్లా మొలుస్తాది. దానికోసరం చదువు ఇడిసిపెడ్తావా?"

అంటూ కొంగు తీసి భుజాన వేసుకుంది, అంతమంది మధ్యలో. నాకు ఏడుపొచ్చింది. స్కార్ఫు విప్పేశాను. తిరుగు బస్సులో జనం మమ్మల్నే చూశారు. చూస్తే చూడనీ అని అవ్వ కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది. ఆళ్లగడ్డ దగ్గర పడగానే ఆమె మళ్లీ కొంగు కప్పుకుంది. నన్ను మాత్రం కప్పుకోనివ్వలేదు.

మర్నాడే కాలేజీకి వెళ్లాను. నాలుగు రోజులు నవ్వారు, తర్వాత మానేశారు. నేను చదివిన ప్రతి తరగతికీ అవ్వకు రుణపడి ఉన్నాను. ఇలాంటి ప్రదర్శనలకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లండి. వాళ్లు ఏదైనా బొమ్మ ముందు ఆగితే, బస్సు టైమైందని లాక్కురాకండి.