అన్న చేపల సీసాలు

నిన్న మనవరాలు గాజుతొట్టిలో రంగు చేపలను వదులుతుంటే చూస్తూ ఉండిపోయాను. మన ఈడువాళ్లకు గుర్తుందా, దుకాణాల్లో బిస్కెట్లు పోసిపెట్టే రేకు మూతల గాజు సీసాలు? ఆదిలాబాద్‌లో మా అన్న కిటికీ నిండా అవే. కాళ్లు పడిపోయి మంచం దిగలేని అన్న, మా బాపు వాగు నుంచి తెచ్చిన చేపపిల్లలను ఆరు సీసాల్లో పెంచేవాడు. నీళ్లు మార్చడం నా పని.

ఒక ఎండాకాలం కలరా వచ్చి మా బావిలో మందు కలిపారు.

"చేపలకు గా నీళ్లు పొయ్యకు బిడ్డా, వాగుకు పో" అంది అవ్వ, మా అమ్మ.

ఎండకు బద్ధకించి బావి నీళ్లే పోశాను. సాయంత్రానికి చేపలన్నీ చచ్చి పైకి తేలాయి.

అన్న ఒక్కొక్క సీసానూ ఒళ్లో పెట్టుకొని చూశాడు. ఏడుస్తున్న నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

"నీకేం ఎర్క చెల్లె? మందు సంగతి నేనన్న చెప్పకపోతి. తప్పు నాదే."

అవ్వ నా ముఖం చూసి ఊరుకుంది. నాకు ముందే తెలుసని నేను చెప్పలేకపోయాను. అన్న మళ్లీ చేపలను పెంచలేదు. మరుసటి ఏడు చలికాలంలో పోయాడు, ఆ తప్పు తనదే అనుకుంటూ.