నాకు నేనే రాసిన నోటీసు

హనుమకొండలో మేము కిరాయికి ఉండే ఇంటి ఓనరు ఒక ఆదివారం పొద్దున తెల్లకాగితం, పెన్ను పట్టుకుని పైఅంతస్తు నుంచి దిగి వచ్చాడు. బ్యాంకుకైనా, కరెంటు ఆఫీసుకైనా ఆయన ఉత్తరాలన్నీ నేనే రాసిపెడతాను. ఇంగ్లీషు చెప్పే పంతులు కింది వాటాలో ఉండగా బజారుకు పోయి డబ్బులిచ్చి రాయించుకోవడం ఎందుకని ఆయన లెక్క. నాకూ అందులో కాస్త గొప్పగానే ఉండేది.

"ఒక నోటీసు రాయాలె సార్," అన్నాడు.

ఎవరికని అడిగాను.

"మీకే."

కింది వాటాను కోచింగ్ పిల్లలకు హాస్టల్ చేద్దామనుకుంటున్నాడట. కిరాయిదారులను నోటిమాటతో ఖాళీ చేయమనొద్దు, ఇంగ్లీషులో కాగితం ఇయ్యమని నర్సంపేటలో ఉన్న బామ్మర్ది చెప్పాడట. చెప్పి తల వంచుకున్నాడు. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకు ఇంకా మూడు నెలలుంది. ఇల్లు మారితే బడి దూరమవుతుంది, చదువు చెదురుతుంది. ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

కానీ ఆయన అప్పటికే కాగితం మీద 'ఎక్స్‌పెల్' అని రాసుకొచ్చాడు. అది చూశాక నాలో తండ్రి పక్కకు జరిగి పంతులు ముందుకొచ్చాడు. ఎక్స్‌పెల్ చేసేది బడి నుంచి పిల్లలను అన్నాను. క్యాసెట్టును టేప్ రికార్డరు ఎజెక్ట్ చేస్తుంది. కుర్చీలో ఉన్నవాణ్ణి దింపితే ఔస్ట్. చట్ట ప్రకారం ఇంట్లోంచి వెళ్లగొడితేనే ఎవిక్ట్. ఆయన శ్రద్ధగా విన్నాడు. మా తొమ్మిదో తరగతిలో అంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు. దాంతో నాకు ఉత్సాహం ఇంకా పెరిగింది.

వెళ్లగొట్టుడు అనే మాట వినేసరికి ఆయన ముఖం మాడింది. అంత మాట వద్దు, కొంచెం మెత్తగా రాయమన్నాడు. మెత్తగా రాస్తే అది నోటీసు కాదు, విన్నపం అన్నాను. 'దయచేసి' అని పెట్టమంటే వద్దన్నాను. 'వీలైనప్పుడు' అంటే ఏ కోర్టులోనూ నిలవదని చెప్పి ముప్పై రోజులు వేశాను. నిజానికి కోర్టు గడప నేనెన్నడూ తొక్కలేదు.

చివరికి ఆయన గొంతు తగ్గించి, "పాప పరీక్షలైనంక అని రాయరాదుండ్రి సార్," అన్నాడు.

రాశాను కూడా. కానీ చదువుకుంటే వాక్యం సాగి సాగి అందం చెడింది. నోటీసులో ఇంటి విషయాలు ఉండకూడదని చెప్పి కొట్టేశాను. తర్వాత కాగితమంతా శుభ్రంగా మళ్లీ రాసి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాను. ఆయన పెట్టి, రెండు చేతులతో కాగితం నాకే ఇచ్చి, చాయ్ కూడా తాగకుండా పోయాడు.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చదివింది. చేతిరాత చూసి ఒకసారి నా వంక చూసింది. కాగితం పట్టుకుని మెట్లెక్కింది, వెనకాల నేను. పైన ఓనరమ్మ పల్లీలు ఒలుస్తోంది. ముప్పై రోజుల్లో పొమ్మంటే పరీక్షల పిల్లతో ఎక్కడికి పోవాలక్కా అని మా ఆవిడ అడిగింది. ఓనరమ్మకు ఈ సంగతేదీ తెలియదు. భర్త వైపు తిరిగింది.

ఆయన బనీను సర్దుకుని, "నేను పరీక్షలైనంకనే అన్న. గట్ల రాస్తే తప్పని సారే కొట్టేసిండు," అన్నాడు.

ఓనరమ్మ ఆ కాగితాన్ని మా ఆవిడ చేతిలోంచి తీసుకుని, కింద పరచి, పల్లీ పొట్టు దాని మీద పోసింది. పరీక్షలయ్యేదాకా కదిలేది లేదని చెప్పింది. నా ముప్పై రోజులు, కోర్టు అన్నీ ఆ పొట్టు కింద పడ్డాయి. బతికిపోయామని సంతోషపడ్డాను. అంతకన్నా ఎక్కువ సిగ్గుపడ్డాను.

దిగుతుంటే మా ఆవిడ మెట్ల మీద ఆగింది. "బిడ్డ పరీక్షలు నీకు యాదికి లేవా?" అని అడిగింది.

ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే అడిగింది.