సిగ్నల్ దగ్గర క్రిస్మస్ భోజనం

ఆ రోజుల్లో పండగ ఎప్పుడొస్తుందో క్యాలెండరు చెప్పేది కాని, మా నాన్న ఇంటికెప్పుడొస్తాడో చెప్పే క్యాలెండరు ఇంకా అచ్చు కాలేదు. నాన్న గూడ్సు బండి గార్డు. నందిని గనుల నుంచి భిలాయి కర్మాగారానికి సున్నపురాయి తెచ్చే బండి చివరి పెట్టెలో ఆయన కాపురం (మాతో కంటే దానితోనే ఎక్కువ కాపురం చేశాడని అమ్మ దెప్పేది). ఉక్కు కొలిమికి పండగేమిటి, పబ్బమేమిటి? క్రిస్మస్ నాడు కూడా దానికి రాయి పడాల్సిందే. ఏటా మేము చర్చి నుంచి వచ్చి, నాన్న వాటా కూర గిన్నెలోకి తీసి మూతపెట్టి, మిగతాది మేం తినేవాళ్లం. ఆ ఏడు మాత్రం నానమ్మ మొండికేసింది. "ఈపాలైనా పండగపూట నా కొడుకు పక్కన కూకుని ముద్ద తినాల. నాను అడగరానిదేటైనా అడిగానా?" అని కళ్లొత్తుకుంది. ఆవిడ ఏడిస్తే నేను చూడలేను.

అప్పటికి నాకు పదహారేళ్లు. తెలివి మాత్రం స్టేషన్ మాస్టరుకున్నంత ఉందని నా గట్టి నమ్మకం. నాన్న బండిని రోజూ మధ్యాహ్నం యార్డు బయటి సిగ్నల్ దగ్గర ఆపేసేవారు. లోపల లైను ఖాళీ ఉండదు. అక్కడ ఊరికే పడి ఉండలేక ఆయన ఆ సిగ్నల్‌ను తిట్టని రోజు లేదు. "నాన్న ఇంటికి రాలేకపోతే ఇల్లే అక్కడికి పోతుంది. ముందే చెప్పొద్దు, సర్‌ప్రైజ్!" అన్నాను. "పట్టాల పక్కన భోజనాలేటే, నలుగురూ నవ్విపోతారు" అంటూనే అమ్మ కోడికూర, పులావు, గారెలు క్యారియర్‌లోకి సర్దేసింది. తమ్ముడు నానమ్మకు మడతకుర్చీ మోశాడు. నేను కొత్త హైహీల్స్‌తో కంకర మీద నడిచాను (ఆ నడక చూసి గేటు దగ్గరి భయ్యా "దీదీ, సంభాల్‌కే!" అని, జాగ్రత్తక్కా అన్నట్టు దండం పెట్టాడు). గట్టు కింద తుమ్మచెట్టు నీడలో చాప పరిచి కంచాలు పెట్టాం.

దూరంగా బండి కనిపించింది. నానమ్మ గురించి ఇక్కడో ముక్క చెప్పాలి. భోజనం ముందు ఆవిడ ప్రార్థన ఎత్తుకుంటే, శ్రీకాకుళంలోని చుట్టాల పేర్లన్నీ అయితే గాని ఆమెన్ రాదు. అందాకా కళ్లు తెరవకూడదు, మెతుకు ముట్టకూడదు. "బండాగి ఆడు దిగీలోగా సగం పార్థన అయిపోద్ది, కళ్లు మూసుకోండి" అంది. మూసుకున్నాం. "పెబువా, నా కొడుక్కి..." అని మొదలుపెట్టింది. చప్పుడు దగ్గరైంది గాని తగ్గలేదు. దొంగచూపు చూద్దును కదా, ఏనాడూ లేనిది సిగ్నల్ పచ్చగా వెలుగుతోంది! పండగపూట బళ్లు తక్కువై లోపల లైను ఖాళీగా ఉన్నట్టుంది. ఓరి దేవుడో!

"నానమ్మా, బండి ఆగట్లేదు!" అన్నాను. "పార్థనలో కబుర్లేటి?" అని కళ్లు తెరవకుండానే కసిరింది. నలుగురిలో నాన్నను గొంతెత్తి పిలిచి ఎరగని అమ్మ, క్యారియర్ పట్టుకుని గట్టు వెంట "ఏవండీ! ఏవండీ!" అంటూ పరుగు తీసింది. చివరి పెట్టె రానే వచ్చింది. దాని గుమ్మంలో నాన్న. ఆయనకు కనిపించింది ఏమిటి? పట్టుచీరలో పరిగెడుతున్న భార్య, ఒక చెప్పు కంకరలో ఇరుక్కుపోగా ఒంటికాలి చెప్పుతో గెంతుతున్న కూతురు, చెట్టు కింద కుర్చీలో కళ్లు మూసుకుని కదలని తల్లి. పాపం, ఏమనుకుంటాడు! ముఖం పాలిపోయి "అమ్మకేటయింది?" అని అరిచాడు. "ఏటీ అవలేదు! భోజనానికి రండి!" అంది అమ్మ, కదిలిపోతున్న రైలుతో. నాన్న నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. పచ్చజెండా ఊపుతూ మలుపు తిరిగిపోయాడు.

నానమ్మ కళ్లు తెరిచింది. పట్టాలు ఖాళీ. "ఎల్లిపోనాడా?" అంది చిన్నగా. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ వడ్డించబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంకా ఆమెన్ అన్లేదు నాను."

అంతే, సరంజామా అంతా మళ్లీ ఇంటికి మోశాం. కోడికూర వాసన పీలుస్తూ సాయంత్రం దాకా కడుపులు మాడ్చుకున్నాం (నేను కేకు ముక్క నోట్లో వేసుకున్నానని తమ్ముడు ఇప్పటికీ అంటాడు, నమ్మకండి). సిగ్నల్ ఆపకపోబట్టి ఆ రోజు డ్యూటీ తొందరగా దిగి, దీపాలు పెట్టే వేళకే నాన్న వచ్చాడు. ఆ దుమ్ముబట్టలతోనే లాగి కూర్చోబెట్టాం. నానమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, ఆపిన చోటి నుంచే అందుకుంది: "...నా కొడుక్కి ఇంటిల్లిపాదితో తినీ బాగ్గెం ఇచ్చీసినావు. ఆమెన్." అంత చిన్న ప్రార్థన ఆవిడ నోట మళ్లీ వినలేదు.

ఇప్పుడు నానమ్మ లేదు. ఎంత బెంగగా ఉంటుందో చెప్పలేను. నాన్న రిటైరై రోజంతా ఇంట్లోనే ఉంటాడు, బళ్లెక్కి పోయేది మేమే. క్రిస్మస్‌కి భిలాయిలో అందరం కలిసేది ఒక్క పూట, సాయంత్రానికే తిరుగు టికెట్లు. ప్రార్థన నా వంతు. శ్రీకాకుళంలో నేను ముఖమైనా చూడని చుట్టాలందరినీ పేరుపేరునా తలుచుకుంటాను. "బువా, ఖానా ఠండా హో రహా హై" అని, అత్తా అన్నం చల్లారిపోతోందని తమ్ముడి కూతురు హిందీలో గొణుగుతుంది. ఆ హైహీల్స్ పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే, ఎవరీ ముసలమ్మ అని విసుక్కునేది. విసుక్కోనీ. నేను ఆమెన్ అనేదాకా ఎవరూ లేవరు. ఇంకో నాలుగు పేర్లు గుర్తు తెచ్చుకుంటాను.